తాత జావా: మైసూరు బండి, కోలారు చెయ్యి

మైసూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక మోటార్ సైకిల్ పంతొమ్మిదేళ్లు టార్పాలిన్ కింద నిలబడి ఉండింది. 2004లో తాత పోయినాక దాన్నెవరూ కదిలించలేదు. అమ్మేద్దామని రెండుసార్లు మాట వచ్చింది, కొనేవాళ్లూ వచ్చారు, ఏదో ఒక అడ్డం తగిలి ఆగిపోయింది. 2023 ఎండాకాలం సెలవుల్లో మేమిద్దరం, తల్లీకొడుకులం, ఆ టార్పాలిన్ లాగేశాం. బండి మళ్లీ రోడ్డెక్కడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఒక్కో నట్టు విప్పుతుంటే రెండు ప్రశ్నలు కలిసే వచ్చేవి. ఈ బండి మైసూరుకు ఎట్లా వచ్చింది? మనం ఎట్లా వచ్చాం? రెండింటికీ మాకు తెలిసినంత జవాబు రాసి పెడదామని ఇది మొదలుపెట్టాం. ఇద్దరం కలిసి రాస్తున్నాం కాబట్టి ఇందులో 'అమ్మ' అన్నా 'అబ్బాయి' అన్నా మాలో ఒకరే. 'తాత' అంటే అమ్మకు నాయన.

పలమనేరు, గనులు, మైసూరు

మా వాళ్లది చిత్తూరు జిల్లా పలమనేరు దిక్కు. మా పెద్దలు ఊరు విడిచినప్పుడు చిత్తూరు జిల్లా అనేదే లేదు. 1911 దాకా పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. వానలు తప్పిన ఏళ్లలో ఆ పల్లెల జనం పడమరగా పోయేవాళ్లు. అక్కడ కోలారు బంగారు గనులు ఉండేవి. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వించడం మొదలుపెట్టాక అక్కడ కూలికి కొదవ లేదు. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటును దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద ఆ గనులకే తెచ్చారు. మైసూరు, బెంగళూరు నగరాల్లో ఇంకా దీపాలు లేని రోజుల మాట అది.

గనుల లైన్లలో అరవం ఎక్కువ, తెలుగు తర్వాత, కన్నడం, ఉర్దూ ఆ పక్కనే. మా ముత్తాత గనిలోకి దిగినవాడు కాదు. పైన వర్క్‌షాపులో ఫిట్టరు. తాత ఆ వర్క్‌షాపు గుమ్మంలోనే పెరిగి, పన్నెండేళ్లకే ఆకురాయి పట్టడం నేర్చినాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. 1956లో గనులను మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1962లో అవి కేంద్రం చేతికి పోయాయి. బంగారం తగ్గుతోందని అప్పటికే అందరికీ తెలుసు. పెద్దవాళ్లు ఉండిపోయారు, చేతిలో పని ఉన్న కుర్రవాళ్లు బయటికి చూశారు. తాత 1963లో, ఇరవై ఒకటో ఏట, మైసూరు రైలెక్కినాడు.

మైసూరుకు తెలుగు కొత్త కాదు. ఆస్థాన విద్వాంసుడు మైసూరు వాసుదేవాచార్యులు కీర్తనలు రాసింది ఎక్కువగా తెలుగు, సంస్కృతాల్లోనే. ఈ రాజ్యంలో ఫ్యాక్టరీల యుగాన్ని తెచ్చిన దివాను విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం. అది ఒక తెలుగు ఊరు. అయితే మేము ఆ కోవ వాళ్లం కాదు. మాది సంగీతం తెలుగు కాదు, కాగితాల తెలుగూ కాదు. గ్రీసు తెలుగు.

చెక్ దేశపు బండి మైసూరు బండి అయిన సంగతి

జావా పుట్టింది చెక్ దేశంలో. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన, అప్పటిదాకా ఆయుధాలు చేసినవాడు, జర్మనీ వాండరర్ కంపెనీ దగ్గర మోటార్ సైకిల్ తయారీ హక్కు కొన్నాడు. తన పేరులో మొదటి ముక్క, వాండరర్‌లో మొదటి ముక్క కలిపితే జావా. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ జర్మన్ల చేతిలో ఉండగా, వాళ్ల కళ్లుగప్పి అక్కడి ఇంజనీర్లు ఒక కొత్త 250 సీసీ బండి తయారు చేసుకున్నారు. యుద్ధం ముగిశాక 1946లో పారిస్ ప్రదర్శనలో దాన్ని బయటపెట్టారు. మా షెడ్డులోది దాని తర్వాతి తరం, 353 రకం.

మన దేశంలో ఈ బళ్లను బొంబాయికి చెందిన ఇరానీ కుటుంబం మొదట దిగుమతి చేసి అమ్మేది. దిగుమతుల మీద ఆంక్షలు బిగిసినాక, ఇక్కడే తయారు చేద్దామని రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. యాదవగిరిలో ఫ్యాక్టరీ. ప్రారంభించింది జయచామరాజేంద్ర ఒడెయరు. అప్పటికి ఆయన మహారాజు మాత్రమే కాదు, మైసూరు రాష్ట్ర గవర్నరు కూడా. 1961 నుంచి బళ్లు బయటికి రావడం మొదలైంది. 1970ల మొదట్లో ట్యాంకు మీద జావా పేరు పోయి యెజ్డీ వచ్చింది. అది ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరని కొందరంటారు, చెక్ భాషలో బండి నడపడమనే అర్థమున్న మాటని కొందరంటారు. రెండు కథలూ మైసూరులో చెల్లుతాయి.

మా బండి 1967 నాటి జావా. తాత 1974లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. మెరూన్ రంగు, ట్యాంకు పక్కల క్రోమియం, మోకాళ్లు ఆనడానికి రబ్బరు ముక్కలు. చూసేవాళ్లు రెండు సైలెన్సర్లు చూసి రెండు సిలిండర్లనుకుంటారు. సిలిండరు ఒకటే: 65 మిల్లీమీటర్ల బోరు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. ఆ ఒక్క సిలిండరుకే పొగ పోయే దారులు రెండు. చెయిను మొత్తం రేకు డబ్బాలో మూసి ఉంటుంది, దుమ్ము తగలదు, పంచె చిక్కదు.

అన్నిటికన్నా వింత ఎడమ పక్క లివరు. కిక్ కొట్టేదీ, గేరు వేసేదీ అదే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కరు, బండి స్టార్టయ్యాక ముందుకు తిప్పేస్తే గేరు. పైగా గేరు కోసం కాలితో నొక్కగానే క్లచ్ తనంతట తనే విడుతుంది, చేత్తో క్లచ్ పట్టుకోకపోయినా గేరు పడుతుంది. మొదటిరోజు అబ్బాయి ఇది నమ్మలేదు. "మూత విప్పితే తెలుస్తుంది పో" అంది అమ్మ. విప్పాక లోపల చిన్న తోపుడు కడ్డీ చూసి అరగంట అక్కడే కూర్చున్నాడు.

గేటు బయటి జనం

ఫ్యాక్టరీ చరిత్ర అంటే గేటు లోపలి చరిత్రే చెబుతారు. గేటు బయట ఆ బండిని నమ్ముకుని బతికినవాళ్లు ఇంకెందరో. తాత గేటు లోపల ఒక్కరోజూ పనిచెయ్యలేదు. మొదట సైకిలు షాపులో చేరినాడు, తర్వాత అగ్రహారం దిక్కున సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. నంజనగూడు రైతులు, కాలేజీ మాస్టర్లు, పాలు పోసేవాళ్లు, అందరూ వచ్చేవాళ్లు. గిరాకీతో కన్నడం, లేత్ పట్టే సాయిబుతో ఉర్దూ, గనుల నుంచి వచ్చిన స్నేహితులతో అరవం. లెక్క మాత్రం తెలుగులో పెట్టేవాడు.

1984, 85ల్లో జపాన్ కంపెనీలతో కలిసి చేసిన 100 సీసీ బళ్లు వచ్చాయి. ఇండ్-సుజుకి, హీరో హోండా, ఆర్‌ఎక్స్ 100. అందులో హీరో హోండా లీటరుకు 80 కిలోమీటర్లు అంటుంటే, ముప్పై పైచిలుకు ఇచ్చే బండి పక్కన ఎవరు నిలబడతారు? ఆ పైన పొగ నిబంధనలు వచ్చాయి. పెట్రోల్లో ఆయిల్ కలిపి తాగే టూ స్ట్రోక్ బళ్లకు అవి కష్టమే. 1996లో యాదవగిరి ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్లీ కొత్త బళ్లు వచ్చాయి, కానీ అవి తయారయ్యేది మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో. తాత మటుకు 1996 తర్వాత కూడా షెడ్డు తెరిచే ఉంచినాడు. మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగు చేసేవాడు. జావాలు వచ్చిన రోజు డబ్బు సంగతి మాట్లాడేవాడు కాదట.

విప్పడం

పంతొమ్మిదేళ్లలో పిస్టను సిలిండరుకు పట్టేసింది. యూట్యూబు చూసిన అబ్బాయి సుత్తి అన్నాడు. అమ్మ వద్దంది. ప్లగ్ తీసి ఆ కన్నంలోంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి పది రోజులు ముట్టుకోలేదు. పదకొండో రోజు గేరులో పెట్టి, వెనక చక్రం పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపాం. ఆరోజు కదల్లేదు. మూడోరోజు ఒక వెంట్రుకంత కదిలింది. ఆ రాత్రి ఇద్దరం హోటలుకు పోయి దోసె తిన్నాం.

సిలిండరు విప్పితే లోపల తుప్పు గీతలు. లేత్‌కు ఇచ్చి బోరు పెంచి, దానికి తగ్గ పెద్ద సైజు పిస్టనూ రింగులూ వేయించాం. ట్యాంకులో గుప్పెడు చిన్న నట్లు వేసి, వినెగర్ పోసి, ఇద్దరం అటొకరు ఇటొకరు పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపితే ఎర్ర నీళ్లు వచ్చాయి. ఆరుసార్లు. సైలెన్సర్ల లోపలి గొట్టాలకు వేలు మందాన మసి. వైరింగు ఎలుకలు తినేసినాయి, కొత్తది వేశాం, ఆరు వోల్టుల పద్ధతి మటుకు మార్చలేదు.

అమ్మకు ఇవన్నీ ఎట్లా తెలుసు? తాత ఇద్దరు కొడుకుల్నీ షెడ్డులో కూర్చోబెట్టి పని నేర్పినాడు. కూతురి పని టార్చిలైటు పట్టుకోవడం. ఎనిమిదో ఏట నుంచి పదహారో ఏట దాకా అమ్మ లైటు పట్టింది. చేతులు ఎక్కడికి పోతాయో లైటు అక్కడికి పోవాలి కాబట్టి, పానా పట్టకుండానే బండి మొత్తం కంటితో నేర్చుకుంది. మామయ్యల్లో ఒకరు బెంగళూరులో కంప్యూటర్ల వైపు పోయారు, ఒకరు గల్ఫ్ పోయారు. నేర్పించుకున్నవాళ్లు మర్చిపోయారు, లైటు పట్టిన మనిషికి గుర్తుంది.

ఎడగడె సీల్

బండి మొదటిసారి స్టార్టయింది 2024 ఫిబ్రవరిలో. సంతోషం ఒక్క వారమే. తెల్లటి పొగ వీధంతా. ప్లగ్ తడిసిపోతుంది. గేర్ బాక్సులో పోసిన ఆయిల్ తగ్గిపోతుంది, కింద కారిన జాడ లేదు.

టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు మిశ్రమం ముందు పిస్టను కిందికి, క్రాంక్ ఉన్న గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి పైకి పోతుంది. ఆ గది గాలి చొరబడకుండా మూసి ఉండాలి. క్రాంక్ షాఫ్టు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్ల పని అదే. ఎడమ సీలు సరిగ్గా పట్టకపోతే పక్క గదిలోని గేర్ ఆయిల్‌ను ఇంజను పీల్చేసి కాల్చేస్తుంది. మేము సీళ్లు రెండూ కొత్తవి వేశాం. అయినా పొగ.

అప్పుడు తాత నోటుబుక్కు తీశాం. పాత డైరీ, అంచులకు గ్రీసు. అంతా తెలుగు లిపి. అమ్మ చదవగలదు కానీ ఆ రాత గొలుసుకట్టు, సగం చోట్ల అందదు. అబ్బాయికి తెలుగు మాటొచ్చు, చదువు రాదు, బడిలో కన్నడం. అయితే రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కదా. క, త, శ లాంటి కొన్ని అక్షరాలూ, తలకట్టూ పట్టుబడితే మిగతావి కన్నడం కళ్లతోనే చదవొచ్చు. రెండు వారాల్లో తడుముకుంటూ చదవసాగాడు.

ఒకచోట అమ్మ ఆగిపోయింది. "ఎడగ... ఏదో ఇంటిపేరులా ఉంది రా." అబ్బాయి వంగి చూసి నవ్వాడు. "ఇంటిపేరు కాదమ్మా, ఎడగడె. ఎడమ పక్క. కన్నడం." తాత రాసింది ఇదీ: ఎడగడె సీల్ రెండుసార్లు పోయె. షాఫ్టు గీత పడింది. సీల్ వెనక పల్చటి వాషరు. ఆమేలె బాగుంది. ఆమేలె అంటే తర్వాత.

సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుని షాఫ్టుకు గాడి పడిందన్నమాట. కొత్త సీలు కూడా ఆ గాడి మీదే కూర్చుంటే ఏం లాభం? వెనక ఒక వాషరు పెట్టి దాన్ని కాస్త జరిపితే అరగని చోట పడుతుంది. అట్లాగే చేశాం. పొగ తగ్గింది.

ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలకు ఆ వాక్యం చూపిస్తే ఎడగడె దగ్గర ఆగిపోయారు. పక్కింటి కన్నడం వాళ్లకు లిపి దగ్గరే తటపటాయింపు. మా తెలుగు కల్తీ తెలుగని పెళ్లిళ్లలో ఎగతాళి వినీ వినీ, ఇంట్లో కూడా పిల్లలకు రాయడం నేర్పకుండా వదిలేశాం. ఆ కల్తీలోనే రాసిన ఒక పుస్తకం ఇంట్లో ఉందని, దాన్ని చదవడానికి మా పిల్లవాడి లాంటివాడే కావాలని మాకు తట్టలేదు.

లివరు

సామాన్లన్నీ పాలిష్‌కు ఇచ్చే రోజు అబ్బాయి లివరు చూపించి, "ఇది అతికిన లివరు, కొత్తది దొరుకుతుంది, మార్చేద్దాం" అన్నాడు. వంపు దగ్గర ఇత్తడి పోసి అతికిన పసుపు గీత కనిపిస్తుంది. అమ్మ వద్దంది. ఎందుకని అడిగితే చాలాసేపటికి చెప్పింది.

1993లో అమ్మకు పదహారేళ్లు. తాత భోజనానికి పోయిన సమయంలో బండి స్టాండు తీసి, తను ఎన్నోసార్లు చూసినట్టే లివరు వెనక్కి తిప్పి కిక్ కొట్టింది. రెండో కిక్కుకే స్టార్టయింది. ఆ సంతోషంలో బరువు ఆపుకోలేక ఎడమ పక్కకు పడేసింది. కింద బండరాయి. లివరు విరిగింది. లేపడం చేతకాక అట్లాగే వదిలి ఇంటికి పరుగెత్తింది. సాయంత్రానికి బండి లేచి నిలబడి ఉంది, లివరు అతికి ఉంది. తాత ఒక్కమాట అడగలేదు. అమ్మ మళ్లీ ఆ బండి ముట్టుకోలేదు. టార్చిలైటు పట్టడం కూడా ఆరోజుతోనే ఆగింది. తాతకు తెలియలేదనే ముప్పై ఏళ్లు అనుకుంది.

నోటుబుక్కు చివరి పేజీలు అబ్బాయి ఏప్రిల్లో చదివాడు. 1993, ఒక తేదీ, దాని కింద: బండి పడె. లివరు ఇత్తడి అతుకు. పిల్లకి ఏం కాలే.

తెలుసన్నమాట. అబ్బాయికి అది ప్రేమగా కనిపించింది. అమ్మకు అంత సులభంగా కాలేదు. "తెలిసినోడు నేర్పొచ్చు కదరా" అంది. ఆ ప్రశ్నకు నోటుబుక్కులో జవాబు లేదు, మేమూ తయారు చెయ్యదలుచుకోలేదు. ఆ కాలంలో ఆడపిల్లకు మోటార్ సైకిల్ ఎవరూ నేర్పలేదు అంటే నిజమే, అయినా అది జవాబు కాదు. లివరు మటుకు అట్లాగే బిగించాం. ట్యాంకుకు కొత్త రంగు, రిమ్ములకు కొత్త క్రోమియం. లివరు మీద మాత్రం ఇత్తడి గీత కనబడాలి.

ఇప్పుడు

తాత పేరు మీదున్న ఆర్‌సీ మార్పించి, ఐదేళ్లకు రెన్యూవల్ చేయించాం. గేరు బండి లైసెన్సు అమ్మ నలభై ఏడో ఏట తీసుకుంది. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ బళ్లవాళ్లు పండగ చేసుకుంటారు. 2024లో అది 14వ తేదీ పడింది. ఆరోజు పొద్దున్నే అమ్మ నడిపితే, అబ్బాయి వెనక కూర్చుంటే, యాదవగిరి దాకా పోయి వచ్చాం. ఫ్యాక్టరీ ఉన్న దారిలో ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపి, బండిని కాదు, శబ్దాన్ని విని, "పాయింట్ కొంచెం ఎక్కువుంది, సరిచేసుకోమ్మా" అని కన్నడంలో చెప్పి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి చూస్తే నిజమే.

అబ్బాయికి పద్దెనిమిది నిండే దాకా వెనక సీటే. అంతవరకు బండి పని వాడిది, నడపడం అమ్మది. నోటుబుక్కులో తాత వదిలిన పేజీ తర్వాత వాడు తేదీ వేసి రాశాడు: పాయింట్ గ్యాప్ సరి చేసె. కొన్ని అక్షరాలు కన్నడంవే పడ్డాయి. దిద్దలేదు.

ఒక విన్నపం. తాత షెడ్డు ముందు నిలబడిన ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. కోలారులో, పలమనేరులో, బెంగళూరులో ఉన్న మన వాళ్లెవరి దగ్గరైనా పాత ఆల్బముల్లో ఉంటే పంపండి. తాత మొహం సరిగ్గా పడకపోయినా సరే, వెనకాల బండి కనిపిస్తే చాలు, మేము గుర్తుపడతాం.